తడి ఆరనివ్వం

గుణదల, విజయవాడ
ఫిబ్రవరి 16

గంగకి,

కొండ మీద మేరీమాత తిరునాళ్ళు అయిపోయాయి. వీధిలో కొబ్బరిపీచూ, కరిగిన కొవ్వొత్తుల మైనమూ ఇంకా గీకుతూనే ఉన్నాం. తిరునాళ్ళకి వచ్చిన చుట్టాలు నిన్నటికి బస్సెక్కారు. ఇవాళే నాకు కూర్చోవడానికి కుర్చీ మిగిలింది.

మొన్న నీకు ఫోన్ చేశాను. మణికుమార్ ఎత్తి, "అమ్మకి వినపడదు పిన్నీ, నాకు చెప్పండి, నేను చెప్తాను" అన్నాడు. నీకు చెప్పుకునే మాటలు నీ కొడుక్కి ఎందుకు చెప్తాను? కైకలూరు హాస్టల్లో ఒకే రేకుపెట్టెలో బట్టలు పెట్టుకున్నవాళ్ళం. నీ చెవులు పోతే పోయాయి, కళ్ళు ఉన్నాయిగా. ఇక మీద ఉత్తరాలే. నువ్వూ రాయాలి. చేయి తిరగదని సాకులు చెప్పకు. పదో తరగతిలో నీ తెలుగు పేపరు చూసి రాసే నేను గట్టెక్కాను.

ఒక కొత్త సంగతి. పటమటలో మీ అన్నయ్య కొట్టు నువ్వు చూశావు కదా, మొక్కలూ కుండీలూ ఎరువులూ అమ్మేది. సంక్రాంతి వెళ్ళాక అందులోకి నల్లమట్టి దిగింది, సంచుల్లో. కాఫీపొడిలా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. ఒక పూట తడిపితే రెండు రోజులు తడి ఆరదు. "ఇదేం మట్టండీ?" అంటే ఆయన, "మంచి మట్టి. మొక్కకి ప్రశ్నలుండవు, నీకే అన్నీ" అన్నారు. డాబా మీద పన్నెండు కుండీలకీ అదే నింపాను. టమాటా నారు వారంలో జానెడయింది. అది చూపించి మా చర్చి విచారణ స్త్రీల సంఘంలో అందరి చేతా కొనిపించాను. నలభై సంచులు పోయాయి. మీ అన్నయ్య నన్ను చూసి నవ్వడం చాలా రోజుల తర్వాత చూశాను.

ఒక సంచిలో ఓ వస్తువు దొరికింది. నిమ్మకాయంత కాల్చిన మట్టి గుండు, నడుమ బెజ్జం, పైన పక్కపక్కనే రెండు సున్నాలు అచ్చు గుద్ది ఉన్నాయి. వలకి కట్టేదేమోనని అనుమానం. చిన్న డబ్బాలో పెట్టి పంపుతున్నాను. చూసి రాయి.

నీ పెళ్ళికి వచ్చినదాన్ని, మళ్ళీ మీ కొల్లేటి లంకకి రాలేదు. ఈ ఏడు ఎలాగైనా వస్తాను.

నీ అమల

*

మొగలిలంక
మార్చి 3

ఏమే అమలా,

డబ్బా అందింది. పోస్టాయన దాన్ని నా చెవి దగ్గర ఊపి, "లోపల ఏదో దొర్లుతోందమ్మా, బాంబు కాదుగదా!" అని అరిచాడు. ఊరంతా విన్నారు. నేనూ విన్నాను.

విప్పి చూసి అరుగు మీద కూలబడ్డాను. అది నాదే.

మా లంకలో కొత్త కోడలు వచ్చిన వారంలోపే వలకి గుండ్లు చేస్తుంది. పచ్చి మట్టి మీద తన మెట్టెలు అద్ది కాలుస్తుంది. నీళ్ళలో ఉన్న వల ఎవరిదో ఆ అచ్చు చెప్తుంది. అచ్చు ఎవరిదైతే వల వాళ్ళది. వేసినవాళ్ళే తీయాలి. ఇంకొకరు దాని పక్కన దోనె నెట్టే గెడ కూడా ఆనించకూడదు. ఇది ఊరి కట్టుబాటు. మా మామ పోయినప్పుడు, అత్త అప్పటికే లేదు కనక, ఆయన వేసి ఉంచిన వలని ఎవరు తీయాలో తేల్చడానికి పెద్దలు మూడు సభలు పెట్టారు. నా మెట్టెల్లో ఒకటి నొక్కుకుపోయి ఉండేది. ఆ గుండు మీద రెండో సున్నా సొట్టగా ఉంది, నువ్వు చూసి ఉండవు. ఆ వల మణి కడుపులో ఉన్నప్పుడు మా ఇంటి వెనక కిక్కిస గడ్డి మడుగులో చిక్కుకుని మునిగింది. నేను తీయలేకపోయాను. నేను తీయలేదు కనక ఎవరూ తీయలేదు.

అర్థమైందా? నువ్వు టమాటా నాటింది నా పెరట్లో. కాశాక సగం పంపు.

ఆ మడుగు నీకు గుర్తుందో లేదో. మనిషిని మించిన ఎత్తున కిక్కిస, కింద నల్లబురద. అందులో గెడ దించితే దిగుతూనే ఉంటుంది, అడుగు తగలదు. పైకి లాగితే బుడబుడా బుడగలు. మా మామ అగ్గిపుల్ల చూపిస్తే ఆ బుడగ నీలంగా భగ్గుమనేది. కొత్త కోడలిని భయపెట్టడానికి అదో ఆట ఆయనకి.

పోయిన నవంబరులో ఒక కాంట్రాక్టరు వచ్చాడు. పెద్దలు సభ చేసి ఊఁ అన్నారు. మడుగు మూతి నుంచి కాలవ కొట్టారు. ఉన్న నీరంతా పది రోజుల్లో పల్లానికి పోయింది. తర్వాత యంత్రం దిగింది. పైపైన ఎండిన మట్టిని సంచులకెత్తుతున్నారు. మిగతాది పగుళ్ళిచ్చింది. ఆ పగుళ్ళలోంచి పొగ వస్తోంది అమలా. మంట కనపడదు, కింద కాలుతోంది. మొన్న గేదె దూడ అటు పోయి కాళ్ళు కాల్చుకుంది. మా వంటింటి వెనకగోడ మడుగు వైపు వాలింది. పొయ్యి మీద గిన్నె పెడితే పులుసు ఒక పక్కకి చేరుతోంది.

ఎవరో బళ్ళు పెట్టి తోలుతున్నారు. ఎవరని ఆరా తీయకు. దానివల్ల లాభం లేదు. కొనడం ఆపండి, అంతే.

గంగారత్నం

*

గుణదల
ఏప్రిల్ 6

గంగా,

నీ ఉత్తరం పట్టుకుని డాబా ఎక్కాను. నీ పెరడు పన్నెండు ముక్కలై నా ముందుంది.

కిందికి దిగి ఆయన్ని అడిగాను.

"ఆ మట్టి కొల్లేటిదేనా?"

"అయితే?"

"గంగ ఇంటి వెనకది."

"కొల్లేరంతా గంగ ఇంటి వెనకే ఉందా? మట్టి మట్టే అమలమ్మా. నేను అమ్మకపోతే పక్క కొట్టువాడు అమ్ముతాడు."

"పక్క కొట్టువాడికి నేను క్యారేజీ కట్టను కదండీ."

ఆ రోజు కూరలో ఉప్పు సరిపోయిందో లేదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంకో సంగతి నన్ను తినేస్తోంది. ఫిబ్రవరిలో కుండీల అంచుదాకా నింపాను. ఇప్పుడు నాలుగు వేళ్ళు దిగిపోయింది. "నీళ్ళకి అణిగింది" అన్నారాయన. అణిగితే కుండీ అంతే బరువు ఉండాలి కదా. నింపినప్పటిలాగే ఆరబెట్టి ఎత్తితే అప్పటికంటే తేలిగ్గా వస్తోంది. కింద పళ్ళేలు పెట్టి చూశాను, మట్టి కారలేదు. నాకు లెక్క తేలకపోతే నిద్ర పట్టదని నీకు తెలుసు. మూడు ఒకేరకం కుండీలు తీసుకుని ఒకే ఎత్తున మట్టి నింపి గోళ్ళరంగుతో గీత పెట్టాను. ఒకటి డాబా మీద ఎండలో. ఒకటి మెట్ల కింద నీడలో. రెండింటికీ చెంబు కొలిచి ఒకటే నీళ్ళు. మూడోది తొట్టిలో నిండా ముంచి ఉంచాను. మూడు వారాలకి ఎండలో ఉన్నది గీతకి బాగా కిందికి పోయింది. నీడలోది కొంచెం పోయింది. మునిగి ఉన్నది గీత దగ్గరే ఉంది.

మా అన్నయ్య కూతురు వినీల మట్టిలో సూక్ష్మజీవుల మీదే యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. దానికి ఫోన్ చేశాను.

"అత్తా, మూడు కుండీలూ మూడు వారాలూ చూసి ఏమీ తేల్చకూడదు" అంది.

"నేను తేల్చడం లేదు. మట్టి ఎటు పోయిందో నువ్వు చెప్పు."

"గాలిలోకి."

గంగా, అది అసలు మట్టే కాదట. సగం కుళ్ళి ఆగిపోయిన కిక్కిస అట, వందలో వేలో ఏళ్ళ నాటిది. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి గాలి కావాలి. నీళ్ళ కింద గాలి అందదు కనక వాటి పని నత్తనడక. అందుకే ఏటేటా పడిన కిక్కిస పొర మీద పొర పేరుకుంది. నీళ్ళు తీసేశామనుకో, గాలి లోపలికి పోతుంది, అవి తినడం మొదలుపెడతాయి. తిన్నదంతా బొగ్గుపులుసు గాలిగా వదిలేస్తాయి. వేడి పెరిగేకొద్దీ వాటి ఆకలి పెరుగుతుంది. ఆ గాలి పోయి ఎండని ఇంకా పెంచుతుంది. అప్పుడు అవి ఇంకా తింటాయి. "మీ డాబా మీద జరిగేదే ఆ మడుగులోనూ జరుగుతూ ఉండొచ్చు అత్తా. ఆవిడ వంటింటి గోడ వాలిందన్నావుగా, కింద నేల దిగిపోతూ ఉంటే అలాగే వాలుతుంది" అంది.

ఆదివారం పూజ అయ్యాక స్త్రీల సంఘంలో లేచి చెప్పాను. "నేనే కొనిపించాను, నేనే ఆపుతున్నాను. ఎవరి మట్టి వాళ్ళు ఆరనివ్వకుండా సంచికెత్తి మా ఇంటికి తెచ్చివ్వండి" అన్నాను. మాణిక్యమ్మ గారు, "నా బంతిమొక్కలు ఏం కావాలి?" అని పోట్లాడారు. ఆ బంతిమొక్కలకి మా పెరటి మట్టి ఇచ్చాను.

ఎవరు తోలుతున్నారో ఆరా తీయొద్దన్నావు. నేను తీయలేదు. శనివారం కొట్టుకి క్యారేజీ పట్టుకెళ్తే వ్యానులోంచి సంచులు దించుతూ కనిపించాడు. "బాగున్నారా పిన్నీ" అని తల దించుకున్నాడు. పేరు నేను రాయను. నువ్వే రాయి.

అమల

*

మొగలిలంక
ఏప్రిల్ 22

అమలా,

మణికుమారే. రాయమన్నావుగా, రాశాను. చల్లబడ్డావా?

వాడిని తిట్టాలనుకుంటే నన్ను తిట్టు. పోయిన వేసవిలో వాడి చేపల చెరువులో నీళ్ళు వేడెక్కి చేపలన్నీ ఒక్క పొద్దులో వెల్లకిలా తేలాయి. వాడు ఆ చేపలని తట్టలతో ఎత్తి పాతిపెట్టాడు, రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత ఆ వ్యాను తోలే పని దొరికింది. "నీళ్ళలో ఏముందమ్మా, ఉడికిపోవడం తప్ప" అంటాడు. నేను తల్లిని. నీకు రాయలేదు. రాయనందుకు క్షమించమని అడగను.

కానీ వాడు తోలుతున్నాడు కదా అని నేను నోరు మూసుకోను. మొన్న సభ జరిగితే వెళ్ళాను. మా సభలో ఆడవాళ్ళకి మాట లేదు. చివర నిలబడి వినొచ్చు. నాకు వినడమూ రాదు, ఇక నిలబడి ఏం చేయను, ముందుకెళ్ళి మాట్లాడాను. "మడుగు ఎండితే ఊరు దిగిపోతుంది. కాలవ పూడ్చండి" అన్నాను. పెద్ద హనుమయ్య నాకు వినపడేలా గట్టిగా అన్నాడు: "గంగారత్నం, నీ కొడుకే బండి తోలుతున్నాడు, నువ్వొచ్చి వద్దంటావు. ముందు ఇంట్లో తేల్చుకో." అందరూ నవ్వారు. నవ్వు వినపడలేదు గానీ పళ్ళు కనపడ్డాయి. నా మొగుడు మంగరాజు కూడా సభలోనే ఉన్నాడు, పాతిన రాటలాగా.

కాంట్రాక్టరు చదువుకున్నవాడు. చెయ్యెత్తి దణ్ణం పెట్టి మరీ చెప్పాడు. "మీ మడుగులో వచ్చే బుడగలున్నాయి కదండీ, అది భూమిని వేడెక్కించే గ్యాసండీ. మడుగు ఎండగడితే బుడగలు ఆగిపోతాయి. మేం చేసేది లోకానికి మంచే" అన్నాడు. పెద్దలు తలలూపారు. నేను ఏం చెప్పాలో తెలియక వచ్చేశాను.

వినీలని అడుగు. నన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పొద్దను. బుడగలు నేను కళ్ళారా చూసినదాన్ని.

గంగారత్నం

*

గుణదల
మే 11

గంగా,

చేతులకి ఆవపిండి మంట ఇంకా పోలేదు, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. నిన్న ఆవకాయ పెట్టాను.

వినీల సమాధానం ముందు. "అతను చెప్పినదాంట్లో సగం నిజం అత్తా" అంది. గాలి లేని చోట బతికే వేరే రకం సూక్ష్మజీవులున్నాయట. ఆ బుడగలు వాటి పనే, మీథేన్ అంటారు. నీళ్ళు వేడెక్కితే అవీ ఎక్కువ వదులుతాయట. "ఇది దాచొద్దు, దాస్తే వాళ్ళకి దొరికిపోతారు" అంది. మిగతా సగం అతను చెప్పనిది. నీళ్ళుంటే కొంత పోతుంది, కానీ పాతది నిలుస్తుంది, పైన ఏటా కొత్త కిక్కిస చేరుతుంది. ఎండగడితే బుడగలు తగ్గుతాయి, కానీ పేరుకున్నదంతా కరిగిపోతుంది. అంటుకుంటే పొగగా ఇంకా త్వరగా పోతుంది. మన కాలంలో మళ్ళీ రాదు. "మీ మడుగు మట్టిని నేను పరీక్ష చేయలేదు కనక ఇంత అని లెక్క చెప్పను. నీళ్ళ కింద ఉంచడమే మేలు అని మాత్రం చెప్తాను" అంది.

నేను ఫోన్ పెట్టేసి జాడీకి వాసెన కడుతుంటే అనిపించింది. ఆవకాయ మీద నూనె తేలి ఉన్నంతకాలం ఏడాదంతా ఉంటుంది. ముక్క పైకి తేలిందా, బూజు. ఎండాకాలంలో మరీ త్వరగా. అంతే గంగా, ఇందులో తెలియనిదేం లేదు. ఇంటింటికీ జాడీ ఉంది మీ ఊళ్ళో. నూనె ఒంపేసి "ఇక నూనె వాసన రాదండీ" అంటున్నాడు ఆ చదువుకున్నాయన. ఈ మాట హనుమయ్య గారి భార్యకి చెప్పు. ఆయనకి కాదు.

ఇక నేను చేసిన పని. స్త్రీల సంఘం సంచులు దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. నా కుండీలవీ కలిపాను. వసారా నిండిపోయింది. మీ అన్నయ్య ఇంట్లోకి రావడానికి పక్కకి తిరిగి నడవాలి. "ఇవి ఏం చేస్తావు?" అన్నారు. "ఎక్కడివి అక్కడికి పంపుతాను" అన్నాను. "బుద్ధి ఉందా? వ్యాను ఎవడిస్తాడు?" అన్నారు.

నిన్న మణికుమార్ కొట్లో సరుకు దించి వెళ్తుంటే మా ఇంటికి రమ్మని కబురు చేశాను. "ఖాళీ బండి తోలుకుపోతావెందుకురా, మీ అమ్మకి ఇవి చేర్చు" అన్నాను. సంచులు చూసి గుర్తుపట్టాడు, నేను తెచ్చినవే కదా పిన్నీ అన్నాడు. "అవును, నువ్వు తెచ్చినవే." ఒక్కొక్కటీ వీపు మీద వేసుకుని ఎక్కించాడు. మంచినీళ్ళిస్తే తాగాడు. ఆవకాయ చిన్న జాడీ ముందు సీటులో పెట్టించాను, అది నీకు.

ఇన్ని సంచులతో నలభై ఎకరాల మడుగు నిండదని నాకు తెలుసు. వినీల కూడా నవ్వింది. వాటితో ఏం చేస్తావో నీ ఇష్టం. నా ఇంట్లో మాత్రం అది ఆరిపోకూడదు.

అమల

*

మొగలిలంక
జూన్ 20

ఒసే అమలా,

నీ సంచులతో ఏం చేశానో చెప్తాను, కూర్చుని చదువు.

ముందు వాటిని వాలిన వంటింటి గోడకి ఆనించి పేర్పించాను. రోజూ నీళ్ళు చల్లాను. మణి గోడకి ఊతం అనుకున్నాడు. అనుకోనీ అని ఊరుకున్నాను. నీ ఆవకాయ మాట హనుమయ్య పెళ్ళాం గంగాదేవి దగ్గర అన్నాను. ఆవిడ ఆలోచించి, "మా వంటిల్లు కూడా వాలింది, సిగ్గుపడి చెప్పలేదు" అంది. ఇక అక్కణ్ణించి గడప గడపా తిరిగింది ఆవిడే. ఏ ఇంటికి వెళ్ళినా వెనకగోడే చూపించారు.

తొలకరి పడిన మర్నాడు తెల్లారుతుండగానే పద్నాలుగు మందిమి కాలవ మూతి దగ్గరికి వెళ్ళాం. సంచులు అడ్డంగా పేర్చాం, మధ్య మధ్య గుర్రపుడెక్క కుక్కి, పైన బంకమట్టి మెత్తి, కాళ్ళతో తొక్కాం. నీ గుణదల ఆడవాళ్ళు సంచుల మూతులు ఎంత బాగా కుట్టారే! ఒక్కటి విప్పుకోలేదు. నాలుగు వానలకి మడుగులో మోకాలి లోతు చేరింది. పొగ చచ్చింది. చచ్చేటప్పుడు ఎంత బుస కొట్టిందో, నాకే వినపడింది.

కట్ట ఒక్కటే ఉంటే యంత్రంతో గంటలో లాగేస్తారు. అందుకని కట్ట పొడుగునా, మడుగు అంచు వెంట మా ఇంటి దాకా, వలలు వేశాం. పద్నాలుగు ఇళ్ళ వలలు. ప్రతి గుండు మీదా మెట్టెల అచ్చు. ఇక పద్నాలుగు మందీ తీస్తే గానీ అక్కడ ఎవరూ గెడ ఆనించకూడదు.

ఊళ్ళో మగవాళ్ళకి ఇది అర్థమవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. అర్థమయ్యాక సభ పెట్టారు. నన్ను పిలిచారు. ఈసారి పిలిచారు, చూశావా!

"వల తీయి గంగారత్నం" అన్నాడు హనుమయ్య.

"వినపడట్లేదు బావగారూ."

"వల తీయమంటున్నా!"

"నాకు వినపడదని ఊరంతటికీ తెలుసు. కాగితం మీద రాసివ్వండి. వేసినవాళ్ళే తీయాలన్న కట్టుబాటు మేం ఇవాళ రద్దు చేశామని రాసి, అందరూ సంతకాలు పెట్టండి. చదువుకుని తీస్తాను."

ఎవరు పెడతారు? ఆ ముక్క మీద సంతకం పెడితే రేపు కొల్లేట్లో ఎవరి వల ఎవరిదీ కాదు. పెద్దలందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంగాదేవి చివర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాంట్రాక్టరుకి మా కట్టుబాటంటే లెక్కలేదు. కానీ ఊరి మనిషి చేయి వేయకుండా వాడి యంత్రం మా కాలవ దాటలేదు. వాడు మణిని పంపాడు, కట్ట లాగమని. మణి కట్ట ఎక్కి వల పట్టుకుని ఒక గుండు తిప్పి చూశాడు. సొట్ట సున్నా. నువ్వు పంపిన పాత గుండుని దానికే కట్టాను.

"అమ్మా, తీయవే" అన్నాడు. పెదాలు చూసి తెలుసుకున్నాను.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు వేసిన వలరా. అప్పుడే తీయలేదు, ఇప్పుడు తీస్తానా?"

వాడు కట్ట మీద గొంతుకూర్చుని చాలాసేపు నీళ్ళలోకి చూశాడు. బుడగలు వస్తున్నాయి. తర్వాత లేచి వ్యాను తాళాలు కాంట్రాక్టరు చేతిలో పెట్టి ఇంటికొచ్చాడు. ఇప్పుడు ఆకివీడు చేపల మార్కెట్టుకి ఐసు తోలే పనికి పోతున్నాడు. నాతో మాట్లాడడం లేదు. నీ ఆవకాయతో అన్నం మాత్రం తింటున్నాడు.

నా మొగుడు నిన్న పొద్దున్న ఎవరూ చూడకుండా వెళ్ళి తెగిన వలతాడు ముడివేసి వచ్చాడట. గంగాదేవి చూసింది.

కానీ ఒక భయం ఉంది అమలా. పద్నాలుగు మందిలో ఎవరినైనా బెదిరించి ఒక్కొక్క వల తీయిస్తారు. ఇప్పటికే ఇద్దరి మొగుళ్ళు మొదలుపెట్టారు. ఈ వేసవి గెలిచాం. వచ్చే వేసవి దాకా నిలవాలి.

గంగారత్నం

*

గుణదల
జూలై 5

గంగా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. కొట్టు కట్టేసి వచ్చి కూర్చున్నారు. "వినపడట్లేదు బావగారూ" దగ్గర నవ్వారు, వెంటనే నవ్వు మింగేశారు. మర్నాడు పొద్దున్న కొట్లో నల్లమట్టి అమ్ముతామన్న బోర్డు దింపేశారు. నా మాట విని కాదట, కొనేవాళ్ళు లేకట. ఆయన అలాగే అననీ. బోర్డు దిగింది, నాకది చాలు.

వినీల వచ్చింది. తొట్టిలో కుండీ చూసింది. అందులో ఎక్కడి గింజో, కిక్కిస మొలిచింది గంగా! ఇప్పుడు నా మోకాలి ఎత్తు ఉంది. అది సంతోషించింది గానీ తియ్యటి మాటలు చెప్పలేదు. "ఎండలు ఆగవత్తా. నీళ్ళున్నా ఏటా వేడెక్కుతాయి, బుడగలు పెరుగుతాయి. మీ వలలు ఎండని ఆపవు" అంది. "తెలుసమ్మా, ఎండని ఆపలేమని జాడీ మీద నూనె ఒంపేసుకుంటామా?" అన్నాను. అది కుండీ మీద గీత వేలితో తడిమి, "మీ ఫ్రెండ్ గారు ఒప్పుకుంటే ఏడాది పొడుగునా ఆ మడుగుని కొలుస్తాను" అంది. ఒప్పుకుంటుందని నేనే చెప్పేశాను.

నీ భయం గురించి ఆలోచించాను. ఊళ్ళో ఉన్నవాళ్ళని బెదిరిస్తారు. ఊళ్ళో లేనిదాన్ని ఎలా బెదిరిస్తారు?

మాకు మెట్టెల అలవాటు లేదు. పెళ్ళి ఉంగరం ఉంది. వేలికి పట్టేసింది, సబ్బు రాసి అరగంట తిప్పితే వచ్చింది. ఈ డబ్బాలో పెట్టాను. పైన శిలువ గుర్తు ఉంది, అచ్చులో పడుతుంది. పచ్చి మట్టి మీద అద్ది, ఒక గుండు కాల్చు. నా పేరున ఒక వల వెయ్యి, కట్టకి సరిగ్గా నడిమధ్యన. ఉంగరం తిరిగి పంపు. మీ అన్నయ్య నా వేలు చూసి రోజుకి నాలుగుసార్లు అడుగుతున్నారు.

అమల

*

మొగలిలంక
జూలై 19

అమలా,

ఉంగరం ఇదిగో. బురద మూలల్లో ఉంటుంది, పాత బ్రష్షుతో తోము.

గుండు కాల్చాను. శిలువ బాగా పడింది. వల మణికుమార్ వేశాడు. నేను అడగలేదు. "పిన్ని వల నేను వేస్తాను" అన్నాడు. నెల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నాకు వినపడేలా అన్నాడు.

హనుమయ్య వచ్చి చూశాడు. "ఈ అచ్చు ఎవరిది?"

"గుణదల అమలమ్మది."

"ఆవిడకి మన నీళ్ళలో ఏం పని?"

"నా పెళ్ళికి వచ్చి మూడు రోజులు మన ఉప్పు తింది. మన మట్టి తీసుకెళ్ళి తిరిగిచ్చింది. మీ సభలో ఇంకెవరిచ్చారో చెప్పండి."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అచ్చు ఎవరిదైతే వేసింది వాళ్ళ కిందే లెక్క, వాళ్ళే తీయాలి. అయితే ఆవిడ ఎప్పుడొస్తుంది?"

"ఉత్తరం రాసి అడగండి" అన్నాను.

రాస్తాడో లేదో తెలియదు. రాస్తే జవాబు ఇవ్వకు.

మడుగు నిండింది. నా నడుముదాకా ఉంది. కిక్కిస కొత్త పిలకలు వేసింది. వినీలని ఎప్పుడైనా పంపు, దోనె సిద్ధంగా ఉంటుంది, మంగరాజు గెడ వేస్తాడు.

నువ్వు మాత్రం రాకు. మణి కడుపున పడిన నాటి నుంచి రమ్మని పిలుస్తూనే ఉన్నాను, ప్రతి ఏడూ వస్తాననే అన్నావు. ఇప్పుడు కాలు పెట్టావంటే ఆ పూటే నిన్ను కట్ట మీదకి తీసుకెళ్ళి వల తీయమంటారు. కాబట్టి నేను బతికున్నంతకాలం మా ఊరు రాకే అమలా.

నిన్ను చూడాలనిపించినప్పుడు నేనే వస్తాను. తొట్టిలో ఆ కిక్కిసని ఎండనివ్వకు.

గంగారత్నం